లోపాలను కూడా అచ్చేసిన పుస్తకం

తాళపత్ర గ్రంథాల చివర లేఖకులు రాసుకున్న మాటలు చదివితే కాస్త నవ్వూ, కాస్త జాలీ కలుగుతాయి. నడుము విరిగింది, మెడ వంగిపోయింది, చూపు మందగించింది, ఇంత కష్టపడి రాశాను కాబట్టి ఈ పుస్తకాన్ని భద్రంగా చూసుకోండి అని వేడుకుంటారు. చాలా ప్రతుల్లో ఇంకో మాట కూడా ఉంటుంది: నాకు ఎలా కనబడిందో అలాగే రాశాను, తప్పులుంటే నన్ననొద్దు. రాతపని చేసేవాడికి అదొక కవచం.

1971 నవంబరు 3 తేదీతో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారైన ఒక పుస్తకం సరిగ్గా దీనికి ఎదురు దిక్కున నిలబడుతుంది. దాని పేరు ‘యూనిక్స్ ప్రోగ్రామర్స్ మాన్యువల్’. రాసింది కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని తయారుచేసిందీ వాళ్లే. అందులో ఒక్కో కమాండ్‌కి ఒక్కో పేజీ. పేజీ పైన కమాండ్ పేరు, దాన్ని ఎలా వాడాలో ఒక ముక్క, ఆ తర్వాత వివరణ. చివరికొచ్చేసరికి ‘బగ్స్’ అని ఒక శీర్షిక. ఇది ఫలానా చోట సరిగా పనిచేయదు, ఇది ఇంకా బాగుచేయాలి అని తయారుచేసినవాళ్లే అక్కడ రాసి పెట్టారు. దాని కిందే ‘ఓనర్’ అని ఇంకో శీర్షిక పెట్టి, ఆ కమాండ్‌కి బాధ్యులెవరో లాగిన్ పేరుతో సహా చెప్పారు. తప్పులుంటే మావే, మమ్మల్నే అడగండి అన్నమాట.

మిక్సీ కొంటే డబ్బాలో వచ్చే చిన్న పుస్తకంలో, ‘జార్ మూత గట్టిగా పట్టుకోకపోతే పచ్చడి గోడల మీదికి ఎగురుతుంది, ఆ సంగతి మాకు తెలుసు, ఇంకా బాగుచేయలేదు’ అని ఏ కంపెనీ అయినా రాస్తుందా? రాయదు. ఆ ఒక్క శీర్షిక వెనక యాభై ఏళ్ల కథ ఉంది. ఒక యంత్రం నిజంగా ఏం చేస్తుందో ఉన్నదున్నట్టు రాయడానికి కూర్చుంటే ఏమవుతుంది? ఆ పనికి ఎవరు కూర్చుంటారు? ఎవరూ కూర్చోకపోతే ఏమవుతుంది? ఈ మూడు ప్రశ్నలే ఆ కథ.

*

యూనిక్స్ 1969లో పెద్దగా ఎవరూ వాడని పీడీపీ-7 అనే చిన్న కంప్యూటర్ మీద మొదలైంది. అంతకుముందు మల్టిక్స్ అనే భారీ ప్రాజెక్టులో బెల్ ల్యాబ్స్ చేతులు కాల్చుకుని, అదే ఏడాది బయటికొచ్చేసింది. కాబట్టి ‘ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తాం, పెద్ద యంత్రం కొనిపెట్టండి’ అంటే పైవాళ్లు వినే పరిస్థితి లేదు. అప్పుడు ఈ బృందం ఇంకో దారి పట్టింది. పత్రాలను టైపు చేసి, దిద్ది, అందంగా అచ్చు తీసే వ్యవస్థ తయారుచేస్తామంది. దాంతో పీడీపీ-11 వచ్చింది. బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగంలో దరఖాస్తులు తయారుచేసే టైపిస్టులు యూనిక్స్‌కి తొలి అసలైన వినియోగదారులయ్యారు. అంటే యూనిక్స్‌కి డబ్బులు తెచ్చిపెట్టిందే రాతకోతల పని. మొదటి మాన్యువల్‌ని కూడా యూనిక్స్ మీదే టైపు చేసి, రాఫ్ అనే ప్రోగ్రాముతో అచ్చుకి సిద్ధం చేశారు.

అసలు మాన్యువల్ ఉండాల్సిందేనని పట్టుబట్టింది వాళ్ల మేనేజర్ డగ్ మెకిల్‌రాయ్. ఆయన మేనేజరే కాదు, యూనిక్స్‌లో చాలా భాగాలకి ఆలోచన ఇచ్చిన మనిషి. తర్వాతి మాన్యువల్ ముద్రణలకి ఆయనే సంపాదకుడు కూడా అయ్యాడు. ఆ సంపాదకత్వం వల్ల మాన్యువల్‌కి వింతైన గౌరవం దక్కింది. యూనిక్స్ పాత రూపాలని ఇప్పటికీ ‘ఆరో ఎడిషన్’, ‘ఏడో ఎడిషన్’ అంటారు. ఆ ఎడిషన్ సాఫ్ట్‌వేర్‌ది కాదు, పుస్తకానిది. పుస్తకం కొత్తగా ఎప్పుడు అచ్చైతే అప్పుడు సిస్టమ్ కొత్తదైనట్టు లెక్క. 1972 జూన్‌లో వచ్చిన రెండో ఎడిషన్ నాటికి యూనిక్స్ ఉన్న యంత్రాలు పదంటే పదే, ఇంకా పెరుగుతాయని ముందుమాటలో రాసుకున్నారు.

1989లో ప్రిన్స్‌టన్ చరిత్రకారుడు మైకేల్ మహోనీ ఈ బృందంతో వరసగా ముఖాముఖీలు చేశాడు. వాటిలో మెకిల్‌రాయ్ చెప్పిన సంగతి ఈ కథ మొత్తానికీ ఆయువుపట్టు. మాన్యువల్ కొత్త ముద్రణ దగ్గరపడుతుంటే ల్యాబ్‌లో హడావుడి మొదలయ్యేదట. ఫలానా కమాండ్ ఎలా పనిచేస్తుందో రాయడానికి కూర్చున్నప్పుడు అందులోని వికారాలన్నీ కాగితం మీద కనబడేవి. ఇలాంటిది అచ్చెలా వేస్తాం అని వాళ్లకే సిగ్గేసేది. అప్పుడు వాక్యాన్ని కాకుండా ప్రోగ్రామునే మార్చేవాళ్లు. చెప్పడానికి వీలుగా లేని సదుపాయాన్ని తీసేసేవాళ్లు, చెప్పడం తేలికవుతుందంటే కొత్తది చేర్చేవాళ్లు.

మామూలుగా మనం అనుకునేది దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు వస్తువు, తర్వాత దాని వర్ణన. ఇంజనీర్లు కట్టేస్తారు, రాసేవాళ్లు వచ్చి రాసేస్తారు. మెకిల్‌రాయ్ చెబుతున్నదాని ప్రకారం రాయడం కూడా కట్టడంలో భాగమే. పది వాక్యాల్లో చెప్పలేనిదాన్ని బాగా కట్టలేదని అర్థం. కథ రాసేవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. ఒక పాత్ర ఎందుకలా చేసిందో రాయబోయి కలం ఆగిపోతే, తప్పు చాలాసార్లు వాక్యంలో ఉండదు, కథలో ఉంటుంది.

బెల్ ల్యాబ్స్ వాళ్లు ఇంకో ప్రయోగం కూడా చేశారు. లోరిండా చెర్రీ, నీనా మెక్‌డొనాల్డ్ వంటివాళ్లు కలిసి ‘రైటర్స్ వర్క్‌బెంచ్’ అనే ప్రోగ్రాముల సంచి తయారుచేశారు. వచనాన్ని దానికి ఇస్తే వాక్యాలు ఎంత పొడుగున్నాయో, ఎక్కడ మాటలు దండగయ్యాయో చూపించేది. ఇవాళ మనం వాడే వ్యాకరణ తనిఖీ పరికరాలకి అది ముత్తవ్వ లాంటిది. పొడుగాటి వాక్యాన్ని యంత్రం పట్టుకోగలదు. అబద్ధమైన వాక్యాన్ని పట్టుకోవడానికి మాత్రం మనిషే కావాలి.

*

అబద్ధం అనే మాట కొంచెం పెద్దదే. కానీ మాన్యువల్ అబద్ధం చెప్పడానికి ఎవరో కావాలని మోసం చేయక్కర్లేదు. కోడ్ మారి, వాక్యం మారకపోతే చాలు. లేదా రాసినవాడికే విషయం పూర్తిగా అర్థం కాకపోయినా చాలు. యూనిక్స్ చరిత్రలో దీనికి గొప్ప ఉదాహరణ ఒకటుంది.

1975లో వచ్చిన ఆరో ఎడిషన్ సోర్స్ కోడ్‌లో, ఒక ప్రోగ్రాము నుంచి ఇంకో ప్రోగ్రాముకి కంప్యూటర్ మళ్లే చోట, రిచీ రాసిన ఒక వ్యాఖ్య ఉంది. దీన్ని మీరు అర్థం చేసుకోవాలని మేం ఆశించడం లేదు అని దాని సారాంశం. ప్రోగ్రామర్ల లోకంలో అది సామెతంత పేరు తెచ్చుకుంది. టీషర్టుల మీదికీ ఎక్కింది. చాలామంది అది పొగరనుకున్నారు. రిచీ తర్వాత వివరణ ఇస్తూ, ఇది పరీక్షలో రాదులే అన్న ధోరణిలో రాశానే తప్ప సవాలు విసరలేదన్నాడు. అక్కడితో ఆగకుండా అసలు నిజం కూడా చెప్పేశాడు: అక్కడ ఏం జరుగుతోందో తమకీ పూర్తిగా అర్థం కాలేదని. పీడీపీ-11 మీద ఆ కిటుకు ఎలాగో నడిచిపోయింది. యూనిక్స్‌ని వేరే రకం యంత్రానికి మార్చబోయినప్పుడు దాని లొసుగు బయటపడింది.

ఆ ఆరో ఎడిషన్ కోడ్ దాదాపు పది వేల లైన్లు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు దాన్ని తన విద్యార్థులకి పాఠంగా చెప్పాలనుకున్నాడు. 1976లో నోట్స్ మొదలుపెట్టి, మరుసటేడుకి రెండు సంపుటాలు చేశాడు. ఒకదాంట్లో మూలం, అంటే కోడ్ మొత్తం. రెండోదాంట్లో వ్యాఖ్యానం. మన దగ్గర కావ్యానికి వ్యాఖ్యానం ఎలా నడుస్తుందో ఇదీ అలాగే. కాళిదాసు కావ్యాలకి మెదక్ ప్రాంతపు కొలచాల మల్లినాథసూరి పెట్టుకున్న నియమం ప్రసిద్ధమే: ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ చేసేవాళ్లకి ఇంతకంటే మంచి నియమావళి ఇవాళ్టికీ ఎవరూ రాయలేదనిపిస్తుంది.

లయన్స్ పుస్తకం భవిష్యత్తు మాత్రం మల్లినాథుడి వ్యాఖ్యలా సాగలేదు. 1979లో వచ్చిన ఏడో ఎడిషన్ లైసెన్సులో, సోర్స్ కోడ్‌ని తరగతుల్లో పాఠంగా చెప్పకూడదని షరతు పెట్టారు. దాంతో ఆ వ్యాఖ్యానం చాటుమాటు పుస్తకమైపోయింది. విద్యార్థులు ఫొటోకాపీకి ఫొటోకాపీ తీసుకుంటూ, అక్షరాలు మసకబారే దాకా చేతులు మార్చారు. మామూలుగా అచ్చై, అందరూ కొనుక్కునే పుస్తకంగా రావడానికి 1996 దాకా పట్టింది. లయన్స్ 1998 డిసెంబరులో పోయాడు. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఏముందో వివరించి చెప్పడం దాదాపు రెండు దశాబ్దాల పాటు చట్టవిరుద్ధంగా మాత్రమే చేతులు మారగలిగే సాహిత్యం అయింది. తర్వాత వచ్చిన ఓపెన్ సోర్స్ వాళ్ల ఆవేశాన్ని ఈ నేపథ్యంలో చూడాలి.

*

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టుని ప్రకటించాడు. ఎవరైనా చూడగలిగే, మార్చగలిగే, పంచగలిగే ఆపరేటింగ్ సిస్టమ్ కట్టడం దాని లక్ష్యం. కోడ్ విషయంలో ఆయన పట్టుదల అందరికీ తెలుసు. మాన్యువల్స్ విషయంలోనూ అంతే పట్టుదల ఉందని తక్కువమందికి తెలుసు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో అతిపెద్ద లోటు సాఫ్ట్‌వేర్‌లో లేదు, దానితో పాటు ఇవ్వగలిగిన మంచి స్వేచ్ఛా మాన్యువల్స్ లేకపోవడంలోనే ఉందని ఆయన ఒక వ్యాసమే రాశాడు. ప్రోగ్రాముని మార్చే హక్కు ఉండి, దాని పుస్తకాన్ని మార్చే హక్కు లేకపోతే, మార్చిన మర్నాటి నుంచీ పుస్తకం తప్పు చెబుతూనే ఉంటుంది కదా. చాలా సూటి తర్కం.

2000 మార్చిలో గ్నూ వాళ్లు డాక్యుమెంటేషన్‌కి ప్రత్యేకంగా ఒక లైసెన్సు తెచ్చారు. అయితే అందులో, రచయిత కోరుకుంటే కొన్ని అధ్యాయాలని ఎవరూ ఎప్పటికీ మార్చకుండా తాళం వేసుకోవచ్చనే నిబంధన ఉంది. ఉద్యమ ఆశయాలు చెప్పే భాగాలని ఎవరూ తీసేయకూడదని వాళ్ల ఉద్దేశం. డెబియన్ అనే లినక్స్ పంపిణీ నడిపే స్వచ్ఛంద కార్యకర్తలకి ఇది మింగుడుపడలేదు. మార్చలేని భాగం ఉన్నాక అది స్వేచ్ఛా పుస్తకం ఎలా అవుతుందని వాదించారు. 2006లో ఓటింగ్ పెట్టుకుని, అలా తాళం వేసిన భాగాలున్న పుస్తకాలు తమ ప్రమాణాలకి సరిపోవని తేల్చారు. అలా కొన్ని గ్నూ మాన్యువల్స్‌ని ‘స్వేచ్ఛ లేని’ అరలోకి జరిపారు. స్వేచ్ఛ కోసం పుట్టిన పుస్తకాలకి ఆ గతి పట్టడం విచిత్రమే. కానీ డెబియన్ వాళ్ల పట్టు వెనక ఉన్నదీ స్టాల్‌మన్ తర్కమే. దిద్దడానికి వీల్లేని పుస్తకం ఏదో ఒక రోజు పాతబడుతుంది. అదే డెబియన్, ఏ ప్రోగ్రాముకైనా మాన్యువల్ పేజీ లేకపోతే దాన్ని కూడా ఒక బగ్ కిందే జమకడుతుంది.

ఇంకోపక్క బర్క్‌లీ యూనిక్స్ వాళ్లు పుస్తకం లోపలి నిర్మాణం మీద పనిచేశారు. 1990 ప్రాంతంలో సింథియా లివింగ్‌స్టన్ అక్కడ ఎండాక్ అనే కొత్త గుర్తుల పద్ధతి తయారుచేసింది. అంతకుముందు రాసేవాళ్లు ఈ మాట బొద్దుగా, ఆ మాట వాలుగా పడాలని మాత్రమే గుర్తు పెట్టేవాళ్లు. ఆమె పద్ధతిలో ఇది కమాండ్ పేరు, ఇది ఫైల్ దారి, ఇది వాడేవాళ్లు ఇవ్వాల్సిన విలువ అని గుర్తు పెట్టాలి. మాట ఎలా కనబడాలో కాదు, ఏమిటో చెప్పాలి. అలా చెప్పాలంటే రాసేవాళ్లకి ముందు అదేమిటో తెలిసుండాలి. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు ఈ సంప్రదాయాన్ని ఇంకా కచ్చితంగా పట్టుకున్నారు. మాన్యువల్‌లో తప్పు దొరికితే కోడ్‌లో తప్పు దొరికినంత గట్టిగా తీసుకుంటారు.

*

1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ మొదలుపెట్టాడు. కెర్నెల్ అంటే యంత్రానికీ, మనం వాడే ప్రోగ్రాములకీ మధ్య నిలబడే పెద్దమనిషి. ఫైల్ తెరవాలన్నా, నెట్ మీద ఓ ముక్క పంపాలన్నా ప్రోగ్రాములు దాన్నే అడగాలి. అలా అడిగే పద్ధతుల్ని సిస్టమ్ కాల్స్ అంటారు. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని అడుగున ఉన్నది లినక్స్ కెర్నెలే. ఈ సిస్టమ్ కాల్స్ ఒక్కోదానికీ ఏం అడగొచ్చు, ఏం జవాబొస్తుంది, ఎప్పుడు తప్పుతుంది అని వివరించే పేజీల సమాహారం పేరు లినక్స్ మ్యాన్-పేజెస్. 1971 నాటి పుస్తకానికి ఇది నేరుగా వారసురాలు. మొదటి భాగం కమాండ్లు, రెండోది సిస్టమ్ కాల్స్ అనే అంకెల వరస కూడా అదే.

కోట్ల యంత్రాలకి ఆధారమైన ఈ పుస్తకాన్ని చూసుకున్నవాళ్లని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. 1990ల మొదట్లో రిక్ ఫెయిత్. 1995 నుంచి ఆండ్రీస్ బ్రౌవర్, ఈయన గ్రాఫ్ సిద్ధాంతంలో పేరున్న డచ్ గణిత శాస్త్రవేత్త. 2004 నుంచి న్యూజిలాండ్‌కి చెందిన మైకేల్ కెరిస్క్. 2020లో అలెహాంద్రో కొలొమార్ ఆయనతో చేయి కలిపారు. తర్వాత భారమంతా ఈయన మీదికొచ్చింది.

కెరిస్క్ పని తీరు గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎవరైనా కొత్త సిస్టమ్ కాల్ తెచ్చారనుకోండి. దాన్ని తయారుచేసినవాళ్లు చెప్పిన మాటని పేజీలోకి ఎక్కించేసి ఊరుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. ప్రతి వాక్యానికీ ఒక చిన్న ప్రోగ్రాము రాసి, ఈ వాక్యం నిజమేనా అని యంత్రాన్నే అడిగి చూసేవాడు. 2007లో 2.6.22 కెర్నెల్‌లో టైమర్-ఎఫ్‌డీ అనే కొత్త సదుపాయం వచ్చింది. గడియారంలో అలారం పెట్టుకున్నట్టు ప్రోగ్రాములు పెట్టుకునే టైమర్ అది. దాని గురించి రాయబోతూ, పరీక్షిస్తూ, ఆయనకి లోటు కనిపించింది. అలారం పెట్టొచ్చు కానీ, అది మోగడానికి ఇంకెంతసేపుందని అడిగే వీలు లేదు. యూనిక్స్‌లో అప్పటికే ఉన్న టైమర్లన్నిటికీ ఆ వీలుంది.

కెర్నెల్ ప్రపంచంలో ఒక కఠిన నియమం ఉంది. ఒకసారి బయటికొచ్చిన సిస్టమ్ కాల్‌ని మార్చి, దాని మీద ఆధారపడిన ప్రోగ్రాములని విరగ్గొట్టకూడదు. అంటే తప్పుగా పుట్టిన సదుపాయం తప్పుగానే కలకాలం బతుకుతుంది. ఇంకా దాని వాడకం ఊపందుకోలేదు కాబట్టి, మరుసటి 2.6.23లో దాన్ని పక్కన పెట్టేశారు. 2008లో వచ్చిన 2.6.25లో కొత్తగా మూడు కాల్స్‌తో తిరగరాశారు. ఇవాళ మనం వాడుతున్నది ఆ తిరగరాసిన రూపమే. మెకిల్‌రాయ్ ల్యాబ్‌లో జరిగిన తంతే ముప్పై అయిదేళ్ల తర్వాత ఇక్కడా జరిగింది. వర్ణించడానికి కూర్చున్న మనిషి వల్ల వస్తువు మారింది. ఒక్క తేడా ఏంటంటే, బెల్ ల్యాబ్స్‌లో రాసేవాడూ కట్టేవాడూ ఒకడే. ఇక్కడ ఇద్దరు. అందుకే సిగ్గుతో జరగాల్సిన పని సమీక్షతో జరగాల్సొచ్చింది.

*

సమీక్ష జరగని చోట ఏమవుతుందో చూడాలంటే 2018కి రావాలి. ముందుగా ఒక పోలిక. ప్రోగ్రాము ఒక ఫైల్‌లో ఏదైనా రాస్తే, అది వెంటనే డిస్క్ మీదికి వెళ్లదు. పోస్టు డబ్బాలో ఉత్తరం వేసినట్టు కెర్నెల్ జ్ఞాపకంలో పడి ఉంటుంది. తీరిక చూసుకుని కెర్నెల్ దాన్ని డిస్క్‌కి చేరవేస్తుంది. చేరిందని రూఢిగా తెలుసుకోవాలంటే ఎఫ్‌సింక్ అనే కాల్ వాడాలి. రిజిస్టర్డ్ పోస్టుకి అకనాలెడ్జ్‌మెంట్ కార్డు లాంటిదన్నమాట. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ల నమ్మకమంతా ఆ కార్డు మీదే.

మరి ఎఫ్‌సింక్ ‘చేరలేదు’ అని చెబితే? డిస్క్‌లో లోపం వల్ల రాత విఫలమైంది అనే తప్పు సంకేతం మాన్యువల్‌లో ఉంది. ఆ తర్వాత ఆ డేటా పరిస్థితి ఏంటన్నది మాత్రం స్పష్టంగా లేదు. పోస్ట్‌గ్రెస్ అనే ప్రసిద్ధ డేటాబేస్ రాసినవాళ్లు సహజంగా అనుకునేదే అనుకున్నారు: ఇప్పుడు విఫలమైతే కాసేపాగి మళ్లీ అడుగుదాం, అప్పుడు సఫలమైతే చేరినట్టే. లినక్స్‌లో జరిగేది వేరు. రాత విఫలమయ్యాక కెర్నెల్ ఆ తప్పుని ఒకసారి చెప్పి, ఆ పేజీలని శుభ్రంగా ఉన్నాయని గుర్తు పెట్టుకునేది. రెండోసారి అడిగితే పంపాల్సిందేమీ మిగల్లేదు కాబట్టి అంతా బాగుందనేది. ఉత్తరం చిరిగిపోయింది, కార్డు మాత్రం వచ్చింది. డేటాబేస్ దాన్ని నమ్మి, తన దగ్గరున్న చిట్టా ప్రతిని కూడా వదిలేసుకునేది.

ఇది బయటపడ్డాక పెద్ద చర్చే నడిచింది. కెర్నెల్ వాళ్ల వైపు నుంచి చూస్తే, పాడైన డిస్క్‌కి పంపాల్సిన డేటాని ఎంతకాలమని జ్ఞాపకంలో మోస్తాం అన్నది న్యాయమైన ప్రశ్న. డేటాబేస్ వాళ్ల వైపు నుంచి చూస్తే, ఈ సంగతి మాకెవరు చెప్పారు అన్నది అంతకంటే న్యాయమైన ప్రశ్న. ఎన్నో ఏళ్లుగా రెండు పక్షాలూ ఒకే పేజీ చదువుతున్నాయి. పేజీ మౌనంగా ఉన్నచోట ఎవరికి అనుకూలమైన అర్థం వాళ్లు నింపుకున్నారు. 2019 ఫిబ్రవరిలో పోస్ట్‌గ్రెస్ తన పద్ధతి మార్చుకుంది. ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమైతే, మళ్లీ అడక్కుండా మొత్తం ఆపేసి, చిట్టా నుంచి తిరిగి మొదలవుతుంది. మాన్యువల్ పేజీలో ఇప్పుడు ఆ తప్పు సంకేతం కింద వివరం ఉంది. ఏ కెర్నెల్ నుంచి ఏం మారిందో అంకెతో సహా ఉంది.

ఇక్కడ తప్పు వాక్యం ఒక్కటీ లేదు. రాయని వాక్యం ఒక్కటుంది. డాక్యుమెంటేషన్ సమీక్షలో అన్నిటికంటే కష్టమైంది అదే. ఉన్న తప్పుని ఎర్ర సిరాతో చుట్టొచ్చు. లేని వాక్యాన్ని దేనితో చుడతాం?

కొన్నిసార్లు వాక్యం ఉంటుంది కానీ ఎవరూ వినరు. గెట్స్ అనే పాత సీ ఫంక్షన్ ఉండేది. వచ్చే మాట ఎంత పొడుగుంటుందో చూసుకోకుండా జ్ఞాపకంలోకి పోసేస్తుంది. చెంబు చిన్నదైతే పొర్లిపోతుంది. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ని కుదిపేసిన మోరిస్ వర్మ్ వాడుకున్న దారుల్లో ఇదొకటి. దీన్ని సీ భాషా ప్రమాణం నుంచి 2011లో గానీ తీసేయలేదు. ఈ మధ్యకాలంలో లినక్స్ మాన్యువల్ దాని పేజీలో చేసిన హెచ్చరిక చాలా చిన్నది: దీన్ని ఎన్నడూ వాడొద్దు. కెర్నెల్‌ని మార్చే అధికారం, ప్రమాణాన్ని మార్చే అధికారం లేని సంపాదకుడు చేయగలిగింది అంతే.

ఇంకొన్నిసార్లు వాక్యం ఏ శీర్షిక కింద ఉండాలన్నదే తగాదా. లినక్స్‌లో జ్ఞాపకం కావాలని మాలాక్ ద్వారా అడిగితే, నిజంగా ఉందో లేదో చూడకుండానే సరేనంటుంది. పెళ్లికి పదిమంది కుర్చీలడిగితే అందరికీ ఉన్నాయని చెప్పే సప్లయర్స్ షాపు వాడిలా. అందరూ ఒకేసారి వాడరులే అన్న ధీమా. పాత మాన్యువల్ పేజీలో ఈ సంగతి ‘బగ్స్’ కింద ఉండేది, ఇది చాలా చెడ్డ బగ్ అనే తీర్పుతో సహా. కెర్నెల్ వాళ్ల దృష్టిలో అది కావాలని ఎంచుకున్న పద్ధతి. తర్వాత ఆ తీర్పు పోయింది, సమాచారం ‘నోట్స్’ కిందికి మారింది. వాస్తవం ఒక్కటే, శీర్షిక మారింది. దినపత్రిక సంపాదకులకి ఈ తేడా ఎంతదో వేరే చెప్పక్కర్లేదు.

*

ఈ పేజీల మూలప్రతి తెరిచి చూస్తే సాహిత్య పాఠకులకి ఒక తమాషా కనిపిస్తుంది. వచనమంతా పద్యంలా లైన్లు విరిగి ఉంటుంది. ప్రతి వాక్యం కొత్త లైన్‌లో మొదలవుతుంది. పెద్ద వాక్యమైతే కామా దగ్గర, అర్థం విరిగే చోట మళ్లీ కొత్త లైన్. అచ్చులో ఇదేమీ కనబడదు, మామూలు పేరాలా కలిసిపోతుంది. ఈ సలహా 1974లో బ్రయన్ కెర్నిఘన్ ఇచ్చింది. రాతప్రతులు మారుతూనే ఉంటాయి కాబట్టి మార్చడానికి వీలుగా టైపు చేసుకోండి అన్నాడు. ఇప్పుడు లినక్స్ మాన్యువల్ శైలి నియమాల్లో అదొక నియమం. ఒక వాక్యాన్ని దిద్దితే, ఏది పోయి ఏది వచ్చిందో సమీక్షకుడికి ఒక్క లైన్‌లో కనిపించాలి. రచయిత తన వచనాన్ని మొదటి అక్షరం నుంచే ఇంకొకరి దిద్దుబాటు కోసం సిద్ధం చేసి పెడుతున్నాడన్నమాట. ‘నా వాక్యం ముట్టుకోవద్దు’ అనే రచయితలున్న లోకంలో ఇది అరుదైన వినయం.

ఇంత పని ఎవరి ఖర్చుతో జరుగుతుంది? 2008లో కొంతకాలం లినక్స్ ఫౌండేషన్ కెరిస్క్‌కి ఈ పని కోసమే జీతమిచ్చింది. మిగతా కాలంలో చాలా భాగం అది తీరిక వేళల పని. 2024 సెప్టెంబరులో కొలొమార్, డబ్బులు లేకుండా ఇక కొనసాగించలేనని చెప్పి పని ఆపేశారు. కొన్ని కంపెనీలు కలిసి ఆయన పనికి డబ్బు సమకూర్చడానికి ముందుకొచ్చాక మళ్లీ మొదలైంది. ఆయన ఆపిన ఆ కొద్ది కాలంలో ఏ సర్వరూ కూలిపోలేదు, ఏ ఫోనూ ఆగలేదు. అదే ఈ పనితో వచ్చిన చిక్కు. మాన్యువల్ దిద్దేవాళ్లు పని ఆపేస్తే ఆ రోజేమీ జరగదు. ఎఫ్‌సింక్ పేజీ మౌనం ఎన్నేళ్లకి బయటపడిందో చూశాం కదా. అప్పు అలా పెరుగుతూ ఉంటుంది, వడ్డీ కట్టేది ఇంకెవరో.

ఇప్పుడు ఏదైనా ప్రోగ్రాము గురించి అడిగితే చటుక్కున నాలుగు పేరాలు రాసిచ్చే యంత్రాలొచ్చాయి. వాక్యాలు ఎక్కడా తడబడవు. అవి నేర్చుకున్నది కూడా మనుషులు రాసిన ఇలాంటి పేజీల నుంచే. వాక్యం సాఫీగా ఉండడం వేరు, దాని వెనక ఒకరు కూర్చుని, చిన్న ప్రోగ్రాము రాసి, నిజమేనా అని సరిచూసి ఉండడం వేరు. రెండోది ఇప్పటికీ తీరికా, ఓపికా, జీతమూ అడిగే పనే.

లేఖకుడు తప్పు నాది కాదని రాసినచోట, 1971లో ఇద్దరు ప్రోగ్రామర్లు తప్పులు ఇవిగో అని రాశారు. ఆ శీర్షిక ఇప్పటికీ చాలా పేజీల చివర ఉంటుంది. లినక్స్ ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా ‘మ్యాన్’ అని కొట్టి, పక్కన ఏదో ఒక కమాండ్ పేరిచ్చి, కిందిదాకా వెళ్లి చూడండి. అక్కడ కనబడే రెండు మూడు లైన్ల కోసం ఎవరో ఒక సాయంత్రం ఖర్చుపెట్టి ఉంటారు.